ఎడమ పక్క సీటు

జనవరి 9

సీట్ల కొలతలు రాసుకోమని కొట్టు యజమాని ఇచ్చిన పుస్తకం ఇది. ముందు నుంచి కొలతలు, వెనక నుంచి నా మాటలు. పుస్తకాన్ని తిరగేసి చూసే అలవాటు మా కొట్లో ఎవరికీ లేదు కాబట్టి భయం లేదు.

ఈ రోజు ఆయన్ని కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. చక్కెర జబ్బు వల్ల ఎడమ కంటి లోపల రక్తం చిమ్మిందట. కుడి కంటి తెర మీద మచ్చలున్నాయట. ఆ మచ్చ ఎక్కడ పడితే అక్కడున్న మనిషి ఆయన వరకు లేనట్టే. కంటికి సూదులు వేస్తే ఉన్న చూపు నిలుస్తుందట, పోయింది మాత్రం రాదట.

"ఇక బండి నడపకూడదు," అంది.

"ముప్ఫై నాలుగేళ్ళు బస్సు నడిపానమ్మా. ఒక్క గీత పడలేదు," అన్నారు ఆయన.

"అందుకే చెప్తున్నా. ఆ పేరు అలాగే ఉండనివ్వండి."

బయటికొచ్చాక చెప్పుల కోసం కాలితో తడిమారు. నేను వంగి దగ్గరికి జరిపాను. "ఇక్కడ చీకటిగా ఉంది," అన్నారు. మిట్టమధ్యాహ్నం. నేను అవునన్నాను.

జనవరి 12

కళ్ళు అలిసిపోయాయి, అంతే. అన్నేళ్ళు రోడ్డునే చూసిన కళ్ళు.

జనవరి 15

ఇవాళ కొట్లో ఒక పర్యాటకుల బస్సుకు నలభై రెండు సీట్ల తొడుగులు పూర్తి చేశాం. రెగ్జీను మందం ఎక్కువై రెండు సూదులు విరిగాయి. బస్సు వెళ్ళిపోతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. ఇరవై రెండేళ్ళుగా నేను కుట్టిన సీట్లు ఎన్ని ఊళ్ళు తిరిగాయో దేవుడికే తెలియాలి. నేను మాత్రం ఇల్లు, కొట్టు, ప్రార్థన మందిరం. ఈ మూడింటి మధ్య కళ్ళు మూసుకుని నడవగలను.

ఆయనదీ పర్యాటకుల బస్సే. డిపోలో ఆయన పేరు ఎవరికీ గుర్తుండదు, 'నిదానం' అంటే అందరికీ తెలుసు. నిదానం బస్సా, అయితే ముసలమ్మ ఒళ్ళో నీళ్ళ చెంబు పెట్టుకుని కూర్చోవచ్చు అనేవారు. అంత మందిని తిప్పిన మనిషి నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. తప్పు ఆయనది కాదు. సెలవు దొరికిన రోజు ఆయనకు నిద్ర కావాలి, నాకు ఆయన ఇంట్లో కావాలి.

ఉద్యోగం అయిపోయాక ఒక పాత కారు కొన్నారు. తేనె రంగు తొడుగులు, అంచుకు ఎర్ర పైపింగు, అన్నీ నేనే కుట్టాను. అది రేకుల షెడ్డు కింద ఉంటుంది. సాయంత్రం నేను కొట్టు నుంచి రాగానే ఇద్దరం అందులో కూర్చుంటాం. ఇది మా రహస్యం. కూతురికి కూడా తెలియదు.

"బెల్టు పెట్టుకో," అంటారు.

"బండి కదలదుగా."

"కదలకపోతే మాత్రం? నా బండిలో రూలు రూలే."

పెట్టుకుంటాను. ఆయన తాళం తిప్పరు. చేతులు మాత్రం చక్రం మీద ఉంటాయి. "ఇది పాత వంతెన. కింద నీళ్ళుండవు, ఇసుక మటుకు తెల్లగా పిండి పోసినట్టుంటుంది. ఇదిగో ఇక్కడ రోడ్డు చీలుతుంది, మనం కుడి. ఇప్పుడు కొండెక్కుతున్నాం. చెవులు మూసుకుపోతాయి, గుటకెయ్యి."

నేను నిజంగానే గుటక వేశాను. చెవులు తెరుచుకున్నట్టు కూడా అనిపించింది.

జనవరి 16

ఇవాళ ఉప్పుమడుల దాకా వెళ్ళాం. తెల్లటి కుప్పలు వరసగా. ఎండకు కళ్ళు చికిలించి చూడాల్సి వచ్చింది. తిరిగి వచ్చేసరికి పాలు పొంగి పొయ్యి ఆరిపోయి ఉంది.

జనవరి 20

లైసెన్సు గడువు వచ్చే నెలతో తీరిపోతుంది. మళ్ళీ కొత్తది కావాలంటే ఆఫీసులో అక్షరాల పలక ముందు నిలబడి చదవాలి.

"ఒక్కసారి," అన్నారు ఆయన. "నది సముద్రంలో కలిసే చోటు నీకు చూపించి వచ్చేస్తా. మూడు రోజులు. ఆ తర్వాత తాళం నీ చేతికిచ్చేస్తా, బావిలో పారేసుకో."

అక్కడ గీత గీసినట్టుంటుందట. ఇటు మట్టి రంగు, అటు నీలం, మధ్యలో గీత. పెళ్ళైన కొత్తలో చూపిస్తానన్నారు.

"డాక్టరమ్మ వద్దంది కదండీ," అన్నాను.

"డాక్టరమ్మ రోడ్డు మీద నడపొద్దంది. నాకు ఆ రోడ్డు ఒంట్లో ఉంది. నువ్వు పక్కన కూర్చుని చూసిందల్లా చెప్తూ ఉండు. నాకు కాలక్షేపం."

కాలక్షేపం అన్నారు. నేను ఆ మాటనే పట్టుకున్నాను.

తెల్లవారి ప్రార్థనలో దేవుణ్ణి అడిగాను. చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నాను. దేవుడు వద్దనలేదు.

జనవరి 24

కొట్టుకు సగం రోజు సెలవు పెట్టి లైసెన్సు ఆఫీసుకు వెళ్ళాను. అక్షరాల పలక, వరసలో నిలబడ్డవాళ్ళందరికీ కనిపించేలా గోడకు తగిలించి ఉంది. బెంచీ మీద కూర్చుని, కొలతలు రాసుకుంటున్నట్టు ఈ పుస్తకంలో ముందు వైపున రాసుకున్నాను. ఎనిమిది వరసలు. చివరి వరస కోసం రెండుసార్లు లేచి మంచినీళ్ళు తాగడానికి పలక పక్కకు వెళ్ళాను. ఎవరూ నన్ను ఎందుకొచ్చావని అడగలేదు. నాలాంటి ఆడవాళ్ళను ఎవరూ అడగరు.

అక్షరాలు నేర్పడం అబద్ధం కాదు. పదో తరగతి చదివాను. ఆయన అయిదుతో ఆపేశారు. చదువు చెప్తున్నాను, అంతే.

జనవరి 27

ఆయనకు పట్టుబడటం లేదు. మూడో వరస చెప్తే అయిదో వరసలోకి దూకుతున్నారు. "ఊళ్ళ పేర్లయితే నూరు చెప్తా. వీటికి అర్థం ఏడిస్తేగా," అని విసుక్కున్నారు.

జనవరి 29

ఉపాయం దొరికింది. రాయడానికి చెయ్యి ఆడటం లేదు గానీ రాస్తాను.

తెల్లవారి ప్రార్థన నేను రాగం తీసి చదువుతాను. ఆయన పక్క గదిలో సగం నిద్రలో ముప్ఫై ఏళ్ళుగా వింటున్నారు. మాటలు ఒక్కటీ రావు, రాగం మాత్రం తప్పు లేకుండా వచ్చు. ఆ అక్షరాలను ఆ రాగంలో పెట్టి చెప్పాను. రెండు పూటల్లో ఎనిమిది వరసలూ వచ్చేశాయి. మధ్యలో ఏ వరస అడిగినా వేలు మడిచి అందుకుంటున్నారు.

చిన్నపిల్లాడిలా సంతోషపడ్డారు. నేనూ పడ్డాను. సంతోషపడలేదని రాస్తే అది ఇంకో అబద్ధం.

ఫిబ్రవరి 3

పాసయ్యారు. పరీక్ష చేసే ఆయన నాలుగో వరస నుంచి చదవమన్నాడు, ఒక కన్ను మూయించి, తర్వాత రెండోది మూయించి. ఈయన మొదలుపెట్టారు. నేను గుమ్మం దగ్గర నిలబడి చీర కొంగు నోట్లో పెట్టుకున్నాను.

"పెద్దాయన పద్యం చదివినట్టు చదువుతున్నాడే," అని నవ్వాడు పరీక్షాయన. "ఇంత హుషారుగా ఎవరూ చదవరు."

ముద్ర వేశాడు. అయిదేళ్ళు.

ఫిబ్రవరి 4

తెల్లవారి ప్రార్థనలో రెండో చరణం దగ్గర పలక అక్షరాలు నోటికొచ్చాయి.

ఫిబ్రవరి 5

మళ్ళీ వచ్చాయి. ఆపి మొదటి నుంచి చదివాను. అదే చోట మళ్ళీ.

ఫిబ్రవరి 11

కూతురు వచ్చింది. తను ఆసుపత్రిలో నర్సు, మాట సూటిగా ఉంటుంది. వస్తూనే గేటు స్తంభం చూసింది.

"నాన్నా, స్తంభానికి కారు రంగు ఎలా అంటింది?"

"స్తంభమే కొంచెం ముందుకొచ్చిందమ్మా. ఈ మధ్య గాలి తిరుగుడు ఎక్కువైంది దానికి."

తనకు నవ్వు రాలేదు. వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడి గొంతు తగ్గించింది. "అమ్మా, డాక్టరమ్మ ఏమంది? నిజం చెప్పు."

"అద్దాలు మార్చమంది."

"అంతేనా?"

"అంతే."

నా మాట ఎప్పుడూ నమ్ముతుంది. తన చిన్నప్పటి నుంచి నేను తనతో ఒక్క అబద్ధం ఆడలేదు. అందుకని నమ్ముతుంది.

ఫిబ్రవరి 19

బయల్దేరాం. ఇది బస గదిలో రాస్తున్నాను. సాయంత్రం అయిదు. ఆయన స్నానం చేస్తున్నారు, లోపల పాడుకుంటున్నారు.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియదు. యాభై ఏళ్ళలో మొదటిసారి నా ముందు ఎవరి తలా లేదు. బస్సుల్లో ఎప్పుడూ ముందు సీటు వాళ్ళ జడ, వాళ్ళ మెడ, వాళ్ళ గొడుగు. ఇవాళ అద్దం నిండా రోడ్డు. రోడ్డు మన కిందికి వచ్చేస్తుంటే కడుపులో ఏదో తేలినట్టుంటుంది. ఊయల వెనక్కి వచ్చేటప్పుడు ఉండేది అదే.

పొద్దున్న మంచు. చెట్ల మొదళ్ళు లేవు, తలలు మాత్రమే ఉన్నాయి. పాత వంతెన వచ్చింది. ఆయన చెప్పినట్టే ఇసుక. షెడ్డులో నేను ఊహించుకున్నది చిన్న వంతెన. ఇది ఎంతకీ అయిపోదు.

నేను చెప్తూనే ఉన్నాను. "ఎడమ పక్క సైకిలు. ముందు లారీ, ఆగుతోంది. ఎవరో ఆవును తోలుకెళ్తున్నాడు, కుడి నుంచి ఎడమకు. ఇద్దరు పిల్లలు, దాటేశారు."

"బాగా చెప్తున్నావోయ్. ముప్ఫై నాలుగేళ్ళలో నీ అంత మంచి గైడు దొరకలేదు," అన్నారు.

కొండ మీద టీ తాగాం. బండి చక్రానికి రాయి అడ్డం పెట్టి, గ్లాసు బానెట్టు మీద పెట్టుకుని. గాలికి టీ మీద అలలు లేచాయి. కింద ఊళ్ళు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి.  "ఎలా ఉంది?" అన్నారు. చెప్పలేకపోయాను. ఆయనకు అర్థమైంది. ఇన్నాళ్ళూ బస్సులో వాళ్ళందరూ ఇలాగే మూగబోయేవాళ్ళట. "మొత్తం కొండెక్కించి తెస్తే ఒక్కరూ నాకు థాంక్స్ చెప్పేవాళ్ళు కాదు. నోట మాట వస్తేగా," అన్నారు.

నేను చెప్పాను. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నారు.

దేవుడా, ఇంత ఆనందం నాకు తెలియకుండా ఎక్కడ పెట్టావు.

ఫిబ్రవరి 20

పెద్ద చెరువు చూశాం. పక్షులు లేచాయి. దారిలో ఖాళీ డబ్బా ఒకటి బండికి తగిలింది. సాయంత్రానికి నది కలిసే చోటికి చేరాం.

ఫిబ్రవరి 20, మళ్ళీ

బస బాగుంది. కిటికీ తీస్తే సముద్రం చప్పుడు. దుప్పట్లు ఉతికినవే. డబ్బా ఖాళీదే.

గీత నిజంగానే ఉంది. పొద్దు వాలకముందే వెళ్ళాం. ఇటు మట్టి రంగు, అటు నీలం. అలలు వచ్చి పోతున్నా గీత చెరగడం లేదు. ఆయన ఒడ్డున నిలబడి చెయ్యి చాచారు.

"అదిగో. చూశావా? ముప్ఫై ఏళ్ళ బాకీ తీరింది."

ఆయన చెయ్యి గీత వైపు లేదు. అటు వలలు ఆరేసిన కర్రలున్నాయి. ఆయన ఎటు చూపిస్తున్నారో అటే చూసి, "ఎంత బాగుందండీ," అన్నాను.

ఆ తర్వాత గీత వైపు తిరిగినా నాకు అదంతా ఒకటే నీళ్ళలా కనిపించింది.

ఫిబ్రవరి 21, తెల్లవారి

డబ్బా కాదు. మనిషి.

రాస్తాను. చెరువు కుడి పక్కన ఉంది. ఎడమ పక్క రోడ్డు సగం తవ్వి ఉంది. నేను ఆయన భుజం మీదుగా చెరువు చూస్తున్నాను. నీళ్ళ మీద తెల్లటి పక్షులు, వేలు. ఒక్కసారిగా లేచాయి. ఎవరో పెద్ద దుప్పటి దులిపినట్టు లేచాయి. నా నోరు ఆగిపోయింది. నా కళ్ళు ఆయనకివ్వాల్సినవి. పక్షులకిచ్చేశాను. ఎంతసేపని? నాలుగు ఊపిర్లు. అయిదు.

చప్పుడైంది. ఎడమ పక్క అద్దంలో చూశాను. ఎర్ర చొక్కా మనిషి రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఎర్ర జెండా. లేచాడు. లేవడం చూశాను. మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు.

"ఏంటది?" అన్నారు ఆయన.

"ఖాళీ డబ్బా," అన్నాను.

ఆలోచించి చెప్పిన మాట కాదు. అది నోట్లో తయారుగా ఉంది. నెల రోజులుగా అబద్ధాలు వండుతుంటే ఒకటి ఎప్పుడూ పొయ్యి మీద ఉంటుంది కాబోలు.

ఇప్పుడు ప్రార్థనకు కూర్చున్నాను. రాగం రాలేదు. అక్షరాలు కూడా రాలేదు. ఆ మనిషి మోచెయ్యి పట్టుకోవడం ఒక్కటే వచ్చింది. ఆయన నిద్ర లేవగానే చెప్తాను.

ఫిబ్రవరి 21, సాయంత్రం

చెప్పాను.

ఆయన నమ్మలేదు. "డబ్బా అన్నావుగా."

"డబ్బా కాదు. జెండా పట్టుకున్న మనిషి. నేను చూసుకోలేదు. మీకు కనిపించలేదు."

"నాకెందుకు కనిపించదు?"

 మంచం పక్కన బల్ల మీద కారు తాళం ఉంది. దానికీ ఆయనకూ మధ్య నిలబడ్డాను. జీవితంలో ఆయనకు ఎప్పుడూ అడ్డం నిలబడలేదు.  అయినా జరగలేదు.

"సరే, ఆ మనిషి దగ్గరికి వెళ్దాం పద," అన్నారు.

"మీరు నడిపితే నేను ఎక్కను."

బస్సులో వెళ్ళాం. నలభై కిలోమీటర్లు.  బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఆయన కుడి కాలితో నేలను తొక్కుతున్నారు.

ఆ మనిషి అక్కడే ఉన్నాడు. పట్టా పందిరి కింద, చెయ్యికి కట్టు కట్టుకుని. కుడి చెయ్యి లేవదని ఎడమ చేత్తో జెండా ఊపుతున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. మమ్మల్ని చూసి ఏదో ఊరికి దారి అడుగుతామనుకున్నాడు.

"నిన్న మధ్యాహ్నం నిన్ను గుద్దింది మా కారే," అన్నారు ఆయన.

అతను జెండా దించాడు. మమ్మల్ని పై నుంచి కింది దాకా చూశాడు. ఎవరో తాగుబోతు కుర్రాళ్ళనుకున్నాడట.

"నేను కనిపించలేదా పెద్దాయనా? ఎర్ర చొక్కా. ఎర్ర టోపీ. చేతిలో ఎర్ర జెండా. ఇంకా ఎంత ఎర్రగా ఉండాలి నేను?"

"కనిపించలేదు," అన్నారు ఆయన.

ఆ మాట ఆయన నోట వినడం మొదటిసారి. డాక్టరమ్మ దగ్గర అనలేదు, నా దగ్గర అనలేదు. రోడ్డు మీద, ముక్కూ మొహం తెలియని మనిషితో అన్నారు.

"మరి కళ్ళు కనిపించని మనిషిని బండెవరు నడపమన్నారు?"

"నేను," అన్నాను.

అతను నా వైపు చూశాడు. "ఏంటమ్మా? వినపళ్ళేదు."

"నేను నడపమన్నాను."

లారీ ఒకటి వచ్చింది. అతను లేచి జెండా ఊపి ఆపాడు. అటు నుంచి వచ్చే బళ్ళు అయిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఎముక విరగలేదు, బెణికిందంతే అన్నాడు. ఆసుపత్రికి మళ్ళీ తీసుకెళ్తామంటే వద్దన్నాడు. క్షమించమన్నాను. క్షమించానని అనలేదు. ఆయన్ని పంపించేసి నన్ను ఒక్కదాన్నే తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

"నాకు ఇద్దరు ఆడపిల్లలమ్మా," అన్నాడు. అంతే.

ఫిబ్రవరి 24

బస్సులో ఇంటికొచ్చేశాం. అల్లుడు వెళ్ళి కారు తెచ్చాడు. కూతురికి అంతా చెప్పాను. డాక్టరమ్మ మాట, అక్షరాలు, జెండా మనిషి, వరసగా. తను నన్ను తిట్టలేదు. కుర్చీలో కూర్చుని, "నువ్వా అమ్మా?" అంది. రెండుసార్లు అంది.

ఫిబ్రవరి 28

ఆయన నాతో మాట్లాడటం లేదు. అన్నం తింటారు, మాత్రలు వేసుకుంటారు. కొట్టు నుంచి వచ్చేసరికి గుమ్మంలో కూర్చుని ఉంటారు.

మార్చి 4

మాట్లాడారు. బండి గురించే.

"కంటికి సూదులు వేస్తానంది కదా డాక్టరమ్మ. వేయించుకుంటా. అప్పటిదాకా దూరాలు వద్దు. ఇక్కడిక్కడే, మార్కెట్టు దాకా. పొద్దున్న పూట, జనం లేనప్పుడు. లైసెన్సు అయిదేళ్ళుందిగా."

"జెండా మనిషి…"

"ఆ రోజు నువ్వు చెప్పలేదు. చెప్పుంటే ఆపేవాణ్ణి. ఆపేవాణ్ణా కాదా?"

ఆపేవారే. అది నిజం. నేను చెప్పి ఉంటే ఆపేవారు. తప్పు నాదని చెప్తున్నారు, తప్పు నాదే. కానీ ఆయన అడుగుతున్నది అది కాదు. మళ్ళీ పక్కన కూర్చోమంటున్నారు. ఈసారి పక్షుల వైపు చూడొద్దంటున్నారు.

కారు తాళం నా బియ్యం డబ్బాలో ఉంది. దాచిన తాళం ఎంతకాలం దాగుతుంది? అడిగితే ఇచ్చేస్తానేమో. నా సంగతి నాకు తెలుసు. ఆయన ఒకసారి మెత్తగా అడిగితే చాలు.

మార్చి 6

సూది వేశారు. ఇప్పుడున్న చూపు పోకుండా చూడగలం, పోయింది తేలేం అని డాక్టరమ్మ మళ్ళీ చెప్పింది. ఆయన వినిపించుకున్నట్టు లేదు. దారిలో, "వచ్చే నెలకు తేడా తెలుస్తుంది," అన్నారు.

మార్చి 9

రేపు లైసెన్సు ఆఫీసుకు వెళ్తున్నానని ఆయనకు చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఆయన లేచి వెళ్ళి రేడియో పెట్టుకున్నారు, చప్పుడు పెంచి.

మార్చి 10

పొద్దున్న నేను చీర కట్టుకుని బయటికొచ్చేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో ఉన్నారు. బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకున్నారు. సరిచేయబోతే చెయ్యి తోసేశారు. అలాగే వచ్చారు.

ఆఫీసు నిండా జనం. వరసలో గంటన్నర నిలబడ్డాం. కిటికీ దగ్గర గుమాస్తా తల ఎత్తకుండా, "ఏం కావాలి?" అన్నాడు.

చెప్పాను.

"గట్టిగా చెప్పమ్మా. ఫ్యాను చప్పుడు."

మళ్ళీ చెప్పాను.

"ఏంటీ? వెనక్కి ఇస్తారా? ఎవరిది? ఇంకాస్త గట్టిగా."

మా అమ్మ నన్ను పెంచింది గొంతు గది దాటకూడదని. యాభై ఏళ్ళు దాటలేదు. ఇవాళ దాటింది.

"మా ఆయనకు కళ్ళు కనిపించవు. పరీక్షలో ఆయన చదివినవి చూసి చదివినవి కావు. నేనే ఇక్కడికొచ్చి రాసుకెళ్ళి, ఇంట్లో కూర్చోబెట్టి నేర్పాను. ఆ లైసెన్సు తీసేసుకోండి."

 ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. వరసలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"నేర్పమని అడిగింది నేను," అన్నారు ఆయన నా వెనక నుంచి. "ఆవిడకేం తెలియదు."

"తెలుసు," అన్నాను.

పరీక్ష చేసే ఆయన లోపలి నుంచి వచ్చాడు. ఈయన్ని గుర్తుపట్టాడు. మొహం మాడ్చుకున్నాడు. "మీ వల్ల నా ఉద్యోగానికి మాటొస్తుందమ్మా. తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. రేపటి నుంచి పలక మార్చమని గుమాస్తాతో అన్నాడు. ఇంకేదో అనబోయి లోపలికి వెళ్ళిపోయాడు.

గుమాస్తా సొరుగులన్నీ తీసి చూశాడు. "దీనికి ఫారం లేదమ్మా. పోయిందంటే ఉంది. చిరిగిందంటే ఉంది. ఇచ్చేస్తామంటే ఎవరూ రారు. తెల్ల కాగితం మీద రాసివ్వండి."

బల్ల దగ్గర నిలబడి రాశాను. కొలతలు రాసే చేతిరాతే, గుండ్రంగా. రాసిందంతా ఆయనకు చదివి వినిపించాను. ఎక్కడ సంతకం చెయ్యాలో వేలు పెట్టి చూపించబోయాను.

"నాకు తెలుసు," అన్నారు.

కాగితాన్ని రెండు చేతులతో తడిమి, అంచు చూసుకుని, కలం పెట్టారు. మొదటి అక్షరం కాగితం మీద పడింది. రెండోదీ పడింది. మిగిలిన సంతకమంతా బల్ల మీదికి వెళ్ళిపోయింది. ఆయన ఆపలేదు. కింద గీత కూడా గీసి, చుక్క పెట్టి, కలం నాకు ఇచ్చారు.

గుమాస్తా కాగితం తీసుకున్నాడు. బల్ల మీది సగాన్ని చూశాడు, కాగితం మీది సగాన్ని చూశాడు.  అతను దాని మీద ముద్ర కొట్టి, "సరిపోతుంది," అన్నాడు.

బయటికొచ్చాం. గుమ్మం దాటగానే ఆయన ఆగిపోయారు. ఎండ మొహం మీద పడింది. నేను పక్కనే నిలబడ్డాను, చెయ్యి పట్టుకోలేదు. తోసేస్తారని.

"మెట్లెన్ని?" అన్నారు.

"ఏడు."

ఏడూ దిగారు. ఆఖరి మెట్టు దగ్గర నా భుజం మీద చెయ్యి వేశారు. బస్టాపు దాకా తీయలేదు.

బెంచీ మీద కూర్చున్నాం. తప్పిన బొత్తాలు విప్పి సరిగ్గా పెట్టాను. ఈసారి ఊరుకున్నారు.

"మన బస్సెప్పుడు?"

"ఇంకా నలభై నిమిషాలుంది."

"ముందు ఏదొస్తుంది?"

బోర్డు చూశాను. ఎప్పుడూ వినని పేరు. చదివి చెప్పాను.

ఆయన ఆ పేరును నోట్లో రెండుసార్లు తిప్పుకున్నారు. "అదెక్కడుంది?"

"నాకేం తెలుసండీ. మీకే తెలియాలి."

"నాకూ తెలీదు," అన్నారు. "ఆ రోడ్డు మీద ఎప్పుడూ పోలేదు."

బస్సు మలుపు తిరిగింది. ఆయన చప్పుడు విని లేచి నిలబడ్డారు.

ఎక్కాం.